తాళాలాయన చెప్పిన ఉత్తరం

అక్టోబరు 12

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చి అయిదు నెలలైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణాలు రెండున్నాయి. రెండూ బలమైనవి కావు కనుక వ్రాయడం లేదు. నా ఆరోగ్యం సరిగానే ఉంది. కుడి కంటికి కొత్త అద్దం వేయించుకున్నాను. నీ మోకాళ్ళ సంగతి నీవు వ్రాయలేదు కనుక నేనే అడుగుతున్నాను.

ఇక్కడి విశేషమేమంటే, పాత బస్సు డిపో వెనుక ఇల్లు లేనివారికి భోజనమూ పడకా ఏర్పాటు చేసే సంస్థ ఒకటి ఉంది. గత నెల నుంచి మా చర్చి సంఘం దానితో కలిసి పనిచేస్తోంది. గురువారాలు మావి. ఆదివారం ఆరాధనలో "ఎవరెవరు వస్తారో చేతులెత్తండి" అని పాస్టరుగారు అడిగితే అరవై చేతులు లేచాయి. గురువారం వచ్చినవారం ఏడుగురం.

నన్ను మొదట వంటగదిలో పెట్టారు. వంట చూసే ఆవిడ బయట దర్జీపని చేస్తుంది, మాట మహా సూటి. "మాస్టారూ, ఒక్కొక్క ఉల్లిపాయ ముక్కనీ పరీక్ష పేపరులా చూస్తున్నారు. ఇలాగైతే ఈ పూట భోజనం రేపటికి అవుతుంది. దయచేసి అలా కూర్చోండి" అన్నది. కూర్చున్నాను. కూర్చున్నవాడిని చూసి ఒకరెవరో అర్జీ వ్రాసిపెట్టమన్నారు. అది చూసి మరొకరు వచ్చారు. ఇప్పుడు కిటికీ పక్కన నాకొక బల్ల, కుర్చీ కేటాయించారు. నలభై ఏళ్ళు పిల్లల చేత వ్రాయించినవాడిని, ఇప్పుడు పెద్దల కోసం వ్రాస్తున్నాను.

ఆ కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. మీ ఊరి బండి నాలుగున్నరకు వెళుతుంది. అందులో చూడదగినది ఏమీ ఉండదు. అయినా చూస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య

*

అక్టోబరు 25

అన్నయ్యా,

నిజం చెప్పు. నా మీద ఒట్టు.

మా ఆడపడుచు కొడుకు లారీ వేసుకుని మీ ఊరు వచ్చాడు. డిపో వెనక టైరు మార్చుకుంటూ కిటికీలోంచి నిన్ను చూశాడట. గడ్డాలు మాసినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని, రేకు పళ్ళెంలో రొట్టె ముంచుకుని తింటున్నావట. పలకరిద్దామనుకున్నాడు గానీ నీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాడు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాకు చెప్పాడు.

సేవ చేస్తున్నానని రాశావు. సేవ చేసేవాడు వడ్డిస్తాడు అన్నయ్యా, పంక్తిలో కూర్చుని తినడు. ఇంటికేమైంది? ఆ మేడమీద వాటా ఖాళీ చేశావా? వదిన పోయాక నీకెవరున్నారని నాకు చెప్పకుండా దాస్తున్నావు?

దుప్పటి ఒకటి, స్వెటర్ ఒకటి పార్శిల్ చేశాను. దుప్పటి నేనే అల్లాను. వచ్చెయ్. వెనక గది ఖాళీగానే ఉంది, కిటికీకి తెర కూడా కుట్టాను. నా మోకాళ్ళ సంగతి తర్వాత.

తప్పులుంటే దిద్దుకో. నాకు మాత్రం పంపకు.

నీ చెల్లి

*

నవంబరు 3

చెల్లాయికి,

నేను నా ఇంట్లోనే ఉన్నాను. మేడమీద వాటా నాదే, దాని తాళంచెవి నా జేబులోనే ఉన్నది. ఈ వాక్యం మీ ఆడపడుచు కుమారుడికి చదివి వినిపించు.

ఆ సంస్థలో ఒక నియమం ఉంది. వడ్డించిన ప్రతివారూ ఆ బల్లల దగ్గరే, ఆ పళ్ళాలలోనే, వచ్చినవారి పక్కన కూర్చుని తినాలి. ఎవరు పెట్టేవారో ఎవరు తినేవారో బయటినుంచి చూసేవారికి తెలియకూడదని ఆ సంస్థను చూసుకునే వార్డెనుగారి పట్టుదల. మొదటి వారం నాకు గొంతు దిగలేదు. అందువల్లనే నీకు వ్రాయలేదు. ఇప్పుడు దిగుతోంది.

గది ఉన్నదన్నావు. సంతోషం. జాలిపడి ఇచ్చే గదిలో ఉండే వయసు నాకింకా రాలేదు.

దుప్పటి వెచ్చగా ఉన్నది. నాకు అవసరం లేకపోవడంతో తాళాలాయనకు ఇచ్చాను. ఆయన సంగతి చెప్పాలి. పేవ్‌మెంటు మీద కూర్చుని తాళాలు బాగుచేస్తూ, కొత్త తాళంచెవులు కోస్తూ బ్రతికినవాడు. డెబ్భై దాటాయి. ఏడేళ్ళ క్రితం అల్లుడితో మాటా మాటా అనుకుని ఇల్లు వదిలి వచ్చేశాడు. కూతురు మీ ఊరిలోనే, మిల్లు వెనుక వీధిలో ఉంటుంది. సంస్థలో పడకలు చలికాలానికి మాత్రమే. ఫిబ్రవరి మొదటివారంలోగా అయినవారెవరూ రాకపోతే, ఇలాంటివారిని రెండు రోజుల ప్రయాణం దూరాన ఉన్న వృద్ధాశ్రమానికి పంపుతారు. అక్కడికి వెళ్ళినవారి జాడ మళ్ళీ మాకు తెలియదు.

కనుక కూతురికి ఉత్తరం వ్రాసిపెట్టమన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. గుమ్మాలు, గడియలు, ఎవరో తన్నడం, అంతా అప్రస్తుతం. అవన్నీ తొలగించి ఒక రూపం ఇచ్చాను. మొదటి వాక్యం చూడు: "చిరంజీవి సౌభాగ్యవతియైన కుమార్తెకు, నీ తండ్రి అనేక ఆశీస్సులతో తెలియజేయునది, కాలవశమున మన మధ్య ఏర్పడిన ఎడబాటు నా హృదయమును నిరంతరము బాధించుచున్నది." చదివి వినిపిస్తే తాళాలాయన నోరు తెరిచాడు. "ఇది నేనేనా పంతులుగారూ చెప్పింది?" అని మళ్ళీ చదివించుకున్నాడు. పది రోజుల్లో జవాబు వస్తుందని నా అంచనా.

ఇట్లు,
నీ అన్నయ్య

*

నవంబరు 19

అన్నయ్యా,

ఇల్లు ఉందని తెలిసి ఆ రోజు నిద్రపట్టింది. చాలు.

దుప్పటి ఇచ్చేశావు. మంచిపనే, ఆయనకి చలి. కానీ నాలుగు నెలలు అల్లాను దాన్ని. రంగులు నీకు తెలుస్తాయనుకున్నాను. చిన్నప్పుడు మనిద్దరం కప్పుకున్నదానికి అవే రంగులు. "అవసరం లేకపోవడంతో" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

జాలి అని నేనన్నానా? గది ఖాళీగా ఉందన్నాను. ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో నీకు తెలియదా?

మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

నీ చెల్లి

*

డిసెంబరు 8

చెల్లాయికి,

దుప్పటి విషయంలో నా వాక్యం కటువుగా ఉన్నది. నా ఉద్దేశం అది కాదు. రంగులు గుర్తుపట్టలేదు. కంటి అద్దం మీదికి నెట్టను, గుర్తుపట్టలేదంతే.

తాళాలాయన కూతురి నుంచి నెల దాటినా జవాబు రాలేదు. ప్రతి గురువారం తాళాలాయన వచ్చి నా బల్ల ముందు నిలబడతాడు. అడగడు. నేను తల అడ్డంగా ఊపుతాను. వెళ్ళి వంటగది అలమరా కీళ్ళకు నూనె వేసుకుంటూ కూర్చుంటాడు. మొన్న గురువారం వార్డెనుగారు ఆశ్రమానికి పంపేవారి జాబితా గోడకు అంటించారు. ఆయన పేరు నాలుగవది. చదవడం రాదు కనుక నన్నే చదవమన్నాడు. చదివాను.

అందువల్ల ఒక ఉపకారం కోరుతున్నాను. మిల్లు వెనుక వీధిలో, వీధి కుళాయి ఎదురుగా ఇస్త్రీ దుకాణం ఆ అమ్మాయిదే. నీకు నడవడం కష్టమని తెలిసీ అడుగుతున్నాను. ఉత్తరం అందిందా, అందితే ఏమనుకున్నదీ కనుక్కుంటావా?

ఇట్లు,
అన్నయ్య

*

డిసెంబరు 19

అన్నయ్యా,

వెళ్ళాను. ఆటోలోనే వెళ్ళాను, కంగారుపడకు.

"మీ నాన్నగారు ఉత్తరం రాశారటగా అమ్మా" అనగానే ఆ పిల్ల ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. "మా నాన్న రాయలేదండీ అది" అంది. "మా నాన్న నన్ను 'కుమార్తె' అంటాడా? కోపమొస్తే 'దయ్యమా' అంటాడు, కోపం లేకపోతే 'ఒసే తల్లీ' అంటాడు. హృదయమూ, కాలవశమూ... అది చదివి మూడు రోజులు ముద్ద దిగలేదండీ నాకు. పోయినవాళ్ళ గురించి రాసే కార్డులా ఉంది. మా నాన్న ఎక్కడో పోయుంటాడు. సంచీలో నా అడ్రసు దొరికి, పాపం ఎవరో పెద్దాయన మంచిగా చెబుదామని ఇలా రాశారు. అంతేనా? మీకు తెలిస్తే చెప్పెయ్యండి, తట్టుకుంటాను."

బతికే ఉన్నాడమ్మా, మా అన్నయ్య పక్కనే కూర్చుని తింటున్నాడమ్మా అని చెప్పాను. "మీరు చూశారా?" అంది. చూడలేదు కదా నేను. "మీ అన్నయ్యగారు నాకోసం అబద్ధం రాసినట్టే, మీరూ నాకోసమే చెబుతున్నారు" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏడుస్తూనే చొక్కాలు మడతపెట్టింది.

ఆ పిల్లని తప్పుపట్టలేకపోయాను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

మీ బావగారు పోయినప్పుడు నేను రాసిన ఉత్తరం అందగానే బయలుదేరి వచ్చావు. పది రోజులుండి అన్నీ నువ్వే చూసుకున్నావు. కాదనను. వెళ్ళేటప్పుడు ఆ ఉత్తరం నా చేతిలో పెట్టావు. నా తప్పుల కింద మూడు చోట్ల ఎర్ర గీతలున్నాయి. రైల్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచక గీశావని నాకు తెలుసు. ఏడుపు ఆపుకోవడానికి గీశావనీ తెలుసు. కానీ నాకు ఆ రోజు పక్కన కూర్చుని ఏడ్చే అన్నయ్య కావలసి వచ్చింది. అప్పటినుంచి నీకు రాసే ప్రతి ఉత్తరానికీ ముందు చిత్తు రాసుకుంటున్నాను. సగం మాటలు చిత్తులోనే ఉండిపోతున్నాయి. ఇది చిత్తు లేకుండా రాస్తున్నాను.

తాళాలాయన ఏం చెప్పాడో అదే రాసి పంపు. నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

నీ చెల్లి

*

జనవరి 9

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు. దానికి ఇప్పుడు జవాబు వ్రాయలేను. ఆ గీతలు గీసినట్టు నాకు గుర్తే లేదు. అది మరింత ఘోరం. ముందు తాళాలాయన పని చూద్దాం.

జరిగింది చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది. "నా మాటలు బాగోలేవనే కదా పంతులుగారూ మీరు మార్చారు. నాకు తెలియక మురిసిపోయా. మళ్ళీ అవే ఎందుకు?" అన్నాడు. రెండు గురువారాలు నా బల్ల దగ్గరికే రాలేదు. నేనే వెళ్ళి ఆయన పక్కన కూర్చుని తిన్నాను. దర్జీ ఆవిడ మాత్రం "మాస్టారికి శిక్ష పడింది, ఇంకో రొట్టె వెయ్యండి" అని నవ్వింది.

నిన్న ఆయన వార్డెనుగారి అలమరా ముందు నేలమీద కూర్చుని తాళం విప్పి ఆకురాయితో అరగదీస్తున్నాడు. కాగితాలు తీసుకుని నేనూ నేలమీద కూర్చున్నాను. "నాకొక చెల్లెలున్నది. ఆమె మాటలు కూడా నేను దిద్దాను. ఆరేళ్ళుగా సగమే మాట్లాడుతోంది" అన్నాను. ఆయన ఆకురాయి ఆపి నన్ను చూశాడు. "అయితే మీరూ నాలాంటోళ్ళే" అన్నాడు. మళ్ళీ ఆకురాయి ఆడిస్తూ, తాళంతో మాట్లాడుతున్నట్టుగా చెప్పాడు. నేను వ్రాసినది ఇది. ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

"ఒసే తల్లీ, నేనేనే. బతికే ఉన్నా. ముందొచ్చింది కూడా నా ఉత్తరమే, కాకపోతే పంతులుగారు దానికి కోటు తొడిగారు. ఇదిగో ఇది కూడా రాసేస్తున్నారు. రాయకండి పంతులుగారూ. సరే రాయండి. పెరటి తలుపు గడియ వానాకాలం బిగుసుకుంటుంది, పైకెత్తి లాగు, కాలితో తన్నకు, మీ అమ్మ తన్నితన్నే దాన్ని పాడుచేసింది. ఆ రోజు మీ ఆయన్ని నేనన్న మాట తప్పే. అనేసి బయటికొచ్చేశా. సందు చివరికొచ్చేసరికే కోపం పోయింది. తిరిగి రావడానికి మొహం చెల్లలా. ఇయ్యాల కాదు రేపు అనుకుంటా ఇంత దూరం వచ్చేశా. పాపకి పళ్ళు ఊడి మళ్ళీ వచ్చుంటాయి. నేను గుర్తుండను, చెప్పకు. చెప్పినా సరే, నీ ఇష్టం. వీధి తలుపు తాళం మార్చావా? మార్చుంటే మంచిదే, అది పాతది. మార్చకపోతే దాని చెవి నా దగ్గరే ఉంది. ఇక్కడ బాగానే పెడుతున్నారు. ఫిబ్రవరిలో పంపే చోట కూడా పెడతారంట. తిండికోసం కాదే. ఓసారి నిన్ను చూడాలని. అంతే. ఇంకేం లేదు, ఆపెయ్యండి పంతులుగారూ."

కాగితం మీద నూనె మరక ఉంది. ఆయన వేలిదే. శుభ్రమైన కాగితం మీదికి ఎక్కించబోయి మానేశాను.

అన్నయ్య

*

జనవరి 20

అన్నయ్యా,

నిలబడే చదివింది. గడియ దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఇస్త్రీ బల్ల పట్టుకుని కిందికి జారిపోయింది. మొగుడు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఉత్తరం వాడి చేతికిచ్చింది. వాడు రెండుసార్లు చదివాడు. తర్వాత "నేను కూడా అన్నానుగా ఆ రోజు. ఆయన అన్నదే రాసుకున్నాడు" అన్నాడు.

తాళం సంగతి అడిగాను. పిల్ల నా వైపు చూసి, "ఎలా మారుస్తామండీ, చెవి ఆయన దగ్గరుంటే?" అంది. రెండుసార్లు పాడైతే రెండుసార్లూ అదే తాళాన్ని బాగుచేయించారట. కొత్తది కొనుక్కోమని రిపేరువాడు తిట్టాడట కూడా. ఈ మాట తాళాలాయనకి చెప్పు.

ఇరవై తొమ్మిది, గురువారం. పొద్దుటి బండికి రెండు టికెట్లు తీయించాను. పదకొండింటికి దిగుతుంది. స్టేషనుకి వెళ్తావుగా?

నీ చెల్లి

*

జనవరి 30

చెల్లాయీ,

తాళాలాయన వెళ్ళిపోయాడు. నిన్న నాలుగున్నర బండికి.

వరుసగా చెబుతాను. పదిన్నరకే స్టేషనుకు వెళ్ళాను. బండి ఆగింది. దిగినవారి ముఖాలన్నీ చూశాను. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో వెనుకనుంచి "పంతులుగారు మీరేనా?" అన్నారు. ముప్పయ్యేళ్ళ స్త్రీ, ఆమె చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళిద్దరూ నా ముందునుంచే రెండుసార్లు నడిచారట. ఆ అమ్మాయి ముఖం నాకు తెలియదు కదా. నేను వెతుకుతున్నది తెలిసిన ముఖాన్ని.

రెండు టికెట్లు అన్నావు. రెండవది నీదనుకున్నాను. నీవు అలా వ్రాయలేదు, నేనే నాకు కావలసినట్టు చదువుకున్నాను.

మేము వెళ్ళేసరికి భోజనాలు మొదలయ్యాయి. తాళాలాయన గోడవైపు బల్ల దగ్గర, ఎవరో ఇచ్చిన చొక్కా వేసుకుని, పళ్ళెం ముట్టకుండా కూర్చున్నాడు. కూతుర్ని చూశాడు. లేవలేకపోయాడు. తల దించేశాడు. ఆ అమ్మాయి నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడి, "చేతులు కడుక్కున్నావా?" అన్నది.

"లేదే" అన్నాడు.

"మరి కడుక్కోవూ? ఆ గోళ్ళు చూడు, నల్లగా. అలాగే తింటావా?"

ఆయన లేచాడు. డెబ్భై దాటిన మనిషి, చిన్నపిల్లవాడిలా కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు. మాకు వీపు మాత్రమే కనిపించింది. ఆ వీపు కదులుతూనే ఉంది. దర్జీ ఆవిడ తువ్వాలు పట్టుకుని వెళ్ళి, ఇవ్వకుండా పక్కన నిలబడిపోయింది. ఆ వీపు కదలడం ఆగేదాకా ఇవ్వలేదు.

తరువాత నియమం ప్రకారం అందరూ కూర్చుని తిన్నారు. మనవరాలు ఆయన్ని ఎగాదిగా చూసి, "నువ్వు మా తాతయ్యవా? మా ఇంటి తాళంచెవి నీ దగ్గరుందా?" అన్నది. ఆయన మెడలోని తాడు పైకి లాగి చూపించాడు. వార్డెనుగారు గోడమీది జాబితాలో నాలుగవ పేరు కొట్టివేశారు.

బండి నా కిటికీ ముందునుంచే వెళ్ళింది. పిల్ల చెయ్యి ఊపింది. చివరి పెట్టె మలుపు తిరిగేదాకా చూశాను. తరువాత ఇంటికి వచ్చాను. నీకు మెట్లు కష్టమని కింది వాటావారిని అడిగి, వాళ్ళ ముందు గదిలో మంచం వేయించి ఉంచాను. వారు "చెల్లెలుగారు రాలేదా?" అన్నారు. మంచం మడిచి మేడమీదికి తెచ్చుకున్నాను. ఆయాసం వచ్చింది. ఆ మంచం మీదే కూర్చుని వ్రాస్తున్నాను.

బావగారు పోయినప్పటి ఉత్తరానికి జవాబు బాకీ ఉన్నాను. చెల్లాయీ, ఆ రోజు రైల్లో నాకు భయం వేసింది. మీ ఇంట్లో అడుగుపెట్టి నిన్ను చూస్తే నిలబడగలనా అని. నాకు తెలిసిన పని ఒకటే, అది చేసి ఉంటాను. నీవు అన్నావు కదా, పక్కన కూర్చుని ఏడ్చే అన్నయ్య కావలసి వచ్చిందని. నాకూ కావలసి వచ్చింది, నా భార్య పోయినప్పుడు, పక్కన ఒక చెల్లెలు. నీవు వస్తానంటే, ప్రయాణం కష్టం వద్దని నేనే వ్రాశాను. వద్దన్నా వస్తావని అలా వ్రాశాను.

ఈ ఉత్తరం ఎలా ఉన్నదో నాకు తెలియదు. తిరిగి చదవడం లేదు, చదివితే ఏదో ఒకటి తీసివేస్తాను.

వచ్చే గురువారం నా బల్ల దగ్గర పాస్టరుగారు కూర్చుంటానన్నారు. నీ వెనుక గది ఖాళీగానే ఉంటే, బుధవారం బండికి రావచ్చునా?

అన్నయ్య